తాళంచెవి ఎవరి జేబులో ఉండాలి?

చిత్తూరు జిల్లాలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు నడుపుతున్న యజమానులకు, ప్రొడక్షన్ మేనేజర్లకు ఒక మెయింటెనెన్స్ ఫిట్టర్ బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

ఇంకొన్ని వారాల్లో తోతాపురి కోతలు మొదలవుతాయి. ఇప్పుడు మీ ప్లాంట్లలో ఓవర్‌హాలింగ్ నడుస్తూ ఉంటుంది. బేరింగులు మారుస్తుంటారు, బెల్టులు బిగిస్తుంటారు, బాయిలర్ తనిఖీకి సిద్ధం చేస్తుంటారు. ఈ ఉత్తరం ఇప్పుడే రాయడానికి కారణం అదే. సీజన్ మొదలైతే మీకు తీరిక ఉండదు, మాకు ఊపిరి సలపదు.

నేను అడిగేది ఒకటే. మెషీన్లో చెయ్యి పెట్టే ప్రతి మనిషికీ సొంత తాళం ఒకటి ఇవ్వండి. ఆ మెషీన్ మెయిన్ స్విచ్ ఆపి, దానికి తన తాళం వేసి, చెవి తన జేబులో వేసుకున్నాకే అతను పని మొదలుపెట్టాలి. అతను వచ్చి తీసేదాకా ఆ తాళం ఎవరూ ముట్టకూడదు, మీతో సహా. 'మీతో సహా' అని కావాలనే రాశాను.

నేను ఐటీఐ ఫిట్టర్‌ని. మొదట చెరకు మిల్లులో, తర్వాత గుజ్జు ఫ్యాక్టరీల్లో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పటికీ షట్‌డౌన్ పనులకు పిలిస్తే వెళ్తాను. ఈ ఉత్తరంలో ఏ ఫ్యాక్టరీ పేరూ రాయను. రాస్తే మాట ఆ ఒక్క గేటు దగ్గరే ఆగిపోతుంది, మిగతావాళ్ళంతా 'మన దగ్గర కాదులే' అని పక్కన పెట్టేస్తారు.

గుజ్జు తీసే పల్పర్ నుంచి టెంకనూ తొక్కనూ బయటికి తోసే స్క్రూ కన్వేయర్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఒక రాత్రి షిఫ్టులో అది జామైంది. స్క్రూ రెక్కకూ తొట్టికీ మధ్య టెంక ఇరుక్కుంది. మోటారు మీద లోడు పెరిగి, దాన్ని కాలిపోకుండా ఆపే ఓవర్‌లోడ్ రిలే ట్రిప్పయింది. స్క్రూ తనంతట తనే ఆగింది. పల్పర్ నిండిపోతోంది, ఎలివేటర్ ఆపేశారు, 'ఏందన్నా, ఎవురు నిలిపింది?' అని అరుపులు మొదలయ్యాయి. హెల్పర్ కుర్రాడు మూత బోల్టులు రెండు విప్పి, మూత పక్కకు జరిపి, టెంక లాగడానికి చెయ్యి పెట్టాడు. మోటారు ఆగే ఉంది కదా. ప్యానెల్ బోర్డు గోడకు అవతల ఉంది. అక్కడ ఎలక్ట్రీషియన్ కూడా తన పని తాను చేస్తున్నాడు. రిలే చల్లారిందని చూసి రీసెట్ నొక్కాడు. 'అయిందా?' అని ఎవరో అరిచారు. 'ఆ' అని ఇంకెవరో అన్నట్టు వినిపించింది. ఆ పల్పర్ మోతలో, ఆవిరి చప్పుడులో 'ఆగు' అన్నా 'ఆ' అన్నట్టే వినిపిస్తుంది. అతను స్టార్ట్ నొక్కాడు.

కుడిచేతి వేళ్ళు మూడు పోయాయి. చెయ్యి ఇంకా లోపలే ఉండగా 'రివర్సులో తిప్పండి' అని ఒకాయన అరిచాడు. మోటారుతో వెనక్కి తిప్పితే మిగిలిందీ పోతుంది. మెయిన్ ఆపించి, కప్లింగ్ విప్పి, షాఫ్టును పైపు రెంచితో మెల్లగా చేత్తో తిప్పి బయటికి తీశాం. వేలూరుకు తీసుకెళ్ళారు. అక్కడ విప్పిన చొక్కాను మర్నాడు అతని అన్న తెచ్చుకున్నాడు. జేబులో ఆ మూత బోల్టులు రెండూ వాషర్లతో సహా ఉన్నాయి.

యాక్సిడెంటు రిపోర్టులో 'కార్మికుడి అజాగ్రత్త వల్ల' అని రాశారు. వాషరు కూడా పోకుండా జేబులో వేసుకున్నవాణ్ణి అజాగ్రత్త మనిషి అన్నారు! ఎలక్ట్రీషియన్‌కు కూడా మెమో ఇచ్చారు. అతను ఇంకో ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాడు. నాకు తెలిసి అతనంత ఒద్దికైన ఎలక్ట్రీషియన్ ఈ చుట్టుపక్కల తక్కువ. ఆ ఇద్దరిలో ఎవరూ తప్పుడు మనిషి కాదు. ఆ స్విచ్‌కు తాళం వేసుకునే కన్నం లేదు, అంతే.

ఊరికే ఆగి ఉన్న మెషీనూ, కరెంటు తీసి ఆపిన మెషీనూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఓవర్‌లోడ్ ట్రిప్పయినా, సెన్సర్ సిగ్నల్ కోసం ఎదురుచూస్తున్నా, కరెంటు పోయినా అన్నీ కదలకుండానే ఉంటాయి. పాత ప్లాంట్లలో మోటారు తిరగాలంటే ఎవరో ఒకరు వచ్చి బటన్ నొక్కాలి. కొత్త లైన్లలో ఆ దిక్కు కూడా లేదు. కింది ట్యాంకులో లెవెల్ తగ్గిందని సెన్సర్ చెబితే చాలు, పైన కన్వేయర్ తనే కదులుతుంది. కరెంటు పోయినప్పుడు జనరేటర్ అందుకునేలోపు 'ఈ సందులో తుడిచేద్దాం' అని చెయ్యి పెట్టేవాళ్ళను నేనెంతోమందిని చూశాను. పల్లెల్లో బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు పెడతారే, చెరకు గానుగ మోటార్లకూ అవే పెట్టినచోట ఇదే ప్రమాదం. గానుగ రోలర్ల మధ్య పిప్పి లాగుతుండగా త్రీఫేజు వచ్చిందంటే ఇక చెప్పేదేముంది.

ఇక నడుస్తున్న మెషీన్ను నడుస్తుండగానే కడగడం, తుడవడం, నూనె వేయడం. ఇది బద్ధకం వల్ల జరగదు. రోలరు తిరుగుతుంటే అన్ని వైపులా తనే చేతికి వస్తుంది, గుడ్డ పట్టుకుంటే చాలు. ఆపితే ఒక వైపు తుడిచి, తిప్పించి, మళ్ళీ ఆపించి రెండో వైపు తుడవాలి. పైగా లైన్ ఆపితే స్టెరిలైజర్ వేడి తగ్గుతుంది, లోపలి గుజ్జు తిప్పి పంపాలి, మళ్ళీ వేడెక్కేదాకా కాచుకోవాలి. అన్నిటికీ మించి, గేటు బయట ట్రాక్టర్లు నిలబడి ఉంటాయి. 2025 సీజన్లో కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేట్టు లెక్క కుదిరినా రైతులు గేట్ల ముందు ఎలా పడిగాపులు పడ్డారో మీరూ చూశారు, నేనూ చూశాను. ట్రాలీలో కాయ మెత్తబడిపోతుంటే ఆ రైతు ముఖం చూసి 'లైన్ ఆపండి' అనడానికి ఏ షిఫ్ట్ ఇన్‌ఛార్జికి నోరు వస్తుంది? ఎందుకు ఆగిందని అడిగేవాళ్ళు పదిమంది ఉంటారు. ఎందుకు ఆపలేదని అడిగేవాళ్ళు యాక్సిడెంటు అయిన రోజే కనిపిస్తారు. ఏడాదిలో ఒక్క ఆయుధ పూజ నాడు మాత్రం మెయిన్ ఆపి, మోటారుకు బొట్టు పెట్టి, గుమ్మడికాయ కొడతాం. ఆ రోజు 'ఎవురు నిలిపింది?' అని ఎవరూ అడగరు.

నెమ్మదిగా నడిచే బెల్టే ఎక్కువ మోసం చేస్తుంది. 1440 ఆర్‌పీఎం మోటారు సెకనుకు 24 చుట్లు తిరుగుతుంది, దాన్ని చూస్తేనే భయం, ఎవరూ దగ్గరికి పోరు. తనిఖీ బెల్టు సెకనుకు అర మీటరు నడుస్తుందనుకోండి, పసిపిల్లలు కూడా దాని వెంట నడవగలరు. కానీ రోలరుకూ బెల్టుకూ మధ్య గుడ్డ చిక్కి, మెదడుకు తెలిసి, చెయ్యి వెనక్కి లాక్కునేసరికి అర సెకను పట్టిందంటే, ఆ లోపల పాతిక సెంటీమీటర్లు లోపలికి పోయి ఉంటుంది. వేలి కొస నుంచి మణికట్టు దాటి ఎంత పొడవుందో ఒకసారి స్కేలుతో కొలిచి చూడండి.

కరెంటు స్తంభం ఎక్కే లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్ తీసుకుంటాడు. అతను దిగి ఎల్‌సీ వెనక్కి ఇచ్చేదాకా ఆ ఫీడరు చార్జి చేయకూడదు. ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు. మరి కోట్ల ప్లాంటులో స్క్రూలో చెయ్యి పెట్టే హెల్పరుకు ఎల్‌సీ ఎవరిస్తున్నారు? షిఫ్ట్ ఇన్‌ఛార్జి నోటిమాటే కదా. ఇంకో సంగతి, ఎల్‌సీ తీసుకుని కూడా లైన్‌మన్లు చనిపోతూనే ఉన్నారు. ఒక స్తంభం మీద రెండు ఫీడర్లు పోతుంటాయి, ఎవరింట్లోనో ఇన్వర్టరు, జనరేటరు వెనక్కి కరెంటు తోస్తాయి, డ్యూటీ మారిన ఆపరేటరుకు పాత ఎల్‌సీ సంగతి తెలియదు. పైగా ఎల్‌సీ మనిషి గుర్తు మీద నడుస్తుంది. తాళానికి గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. అందుకే మనం లైన్‌మన్ల దగ్గరే ఆగకుండా ఇంకో అడుగు ముందుకు వేయాలంటున్నాను.

అమెరికాలో కార్మిక భద్రత చూసే ఓషా సంస్థ 1989లోనే దీన్ని నిబంధన చేసింది. దీన్ని సరిగ్గా పాటిస్తే ఏటా 120 ప్రాణాలు, 50 వేల గాయాలు తప్పుతాయని వాళ్ళ అంచనా. మీ లైన్లో ఏ విదేశీ మెషీన్ ఉన్నా దాని మాన్యువల్ మొదటి పేజీలు తిప్పి చూడండి, తాళం వేయమనే రాసి ఉంటుంది. మాన్యువల్ బీరువాలో, బీరువా చెవి మేనేజరు దగ్గర ఉంటుంది. ఆ ఒక్క చెవి మాత్రం భద్రంగానే ఉంది.

అమెరికా దాకా ఎందుకు? 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న మన 1948 ఫ్యాక్టరీల చట్టం 24వ సెక్షన్ తీయండి. కరెంటు ఆపే స్విచ్ పొరపాటున ఆఫ్ నుంచి ఆన్‌కు జారే వీలుంటే, దాన్ని ఆఫ్‌లోనే తాళం వేసి ఉంచే ఏర్పాటు ఉండాలని అందులో ఉండేది. 22వ సెక్షన్ ఇంకా సూటిగా ఉండేది. నడుస్తున్న మెషీన్ను పరీక్షించడం, నూనె వేయడం తప్పనిసరైతే దానికి ప్రత్యేకంగా శిక్షణ పొందిన వయోజనుడైన మగ కార్మికుడే వెళ్ళాలి, ఒంటికి బిగువుగా ఉండే బట్టలు యాజమాన్యం ఇవ్వాలి, అతని పేరు రిజిస్టరులో రాసి ఉండాలి అంది. కదిలే భాగం వల్ల దెబ్బ తగిలే అవకాశముంటే ఆడవాళ్ళ చేత, చిన్నవయసువాళ్ళ చేత ఏ మెషీన్నీ తుడిపించకూడదని కూడా అంది. మీ రిజిస్టరులో ఎన్ని పేర్లున్నాయి? షిఫ్టు చివర్లో నడుస్తున్న కటింగ్ బెల్టు మీద గొట్టంతో నీళ్ళు కొడుతూ, తొక్క ముక్కలు చేత్తో ఏరేది ఎవరు? చుట్టుపక్కల పల్లెల నుంచి కాంట్రాక్టరు ఆటోల్లో తెచ్చిన ఆడవాళ్ళు. చీర కొంగు నడుముకు చెక్కుకుంటారు, వంగినప్పుడు అది జారుతుంది. చేతికి గాజులుంటాయి, నేల మీద తొక్క జిగురు. కాలు జారితే మనిషి అప్రయత్నంగా దేన్ని పట్టుకుంటుంది? ఎదురుగా ఉన్న బెల్టునే.

చట్టం మాట వచ్చింది కాబట్టి ఇదీ చెబుతాను. పాత చట్టం కరెంటుతో నడిచేచోట పదిమంది పనివాళ్ళుంటే ఫ్యాక్టరీ అంది. 2020లో పార్లమెంటు ఆమోదించి, 2025 నవంబరు 21న అమల్లోకి తెచ్చిన వృత్తి భద్రత కోడు ఆ లెక్కను ఇరవైకి పెంచింది. సీజన్లో మీ గేటు లోపల ఇరవై కాదు, వందలమంది ఉంటారు, మీకు తప్పించుకునే దారి లేదు. చిన్న గ్రానైటు పాలిషింగ్ షెడ్లు, బెల్లం గానుగలు మాత్రం చాలావరకు ఈ లెక్కలోంచి బయటికి పోయాయి. వాళ్ళ గురించి ఇంకో ఉత్తరం రాయాలి, అది మీకు కాదు, ప్రభుత్వానికి.

తాళం అంటే ఏదో ఒక తాళం కొట్లో కొని తగిలించడం కాదు. ప్రతి మోటారుకూ దగ్గర్లో తాళం పట్టే ఐసోలేటర్, అంటే కరెంటును పూర్తిగా తెంచే స్విచ్ ఉండాలి. ఎర్ర ఎమర్జెన్సీ బటన్ నొక్కితే సరిపోతుందని చాలామంది ఇన్‌ఛార్జులు అనుకుంటారు. ఆ బటన్ కంట్రోలు తీగను మాత్రమే కోస్తుంది. మోటారుకు పోయే కరెంటు, దాన్ని కలిపే కాంటాక్టరు స్విచ్ దగ్గర కాచుకునే ఉంటుంది. ఎవడో వచ్చి బటన్ మెలితిప్పి వదిలితే ఆ ఉన్న అడ్డం తొలగిపోయినట్టే. ఐసోలేటర్ ఆపి, తాళం వేసి, ఆ తర్వాత మెషీన్ దగ్గరికి వచ్చి స్టార్ట్ బటన్ నొక్కి చూడాలి. తిరగకపోతేనే చెయ్యి పెట్టాలి. మా కుర్రాళ్ళు ఈ చివరి మెట్టే ఎగ్గొడతారు, అసలు ప్రాణం ఉన్నది దాంట్లోనే. వేరే మోటారు స్విచ్ ఆపి ఉంటే అక్కడే దొరికిపోతుంది.

ఒకే మెషీన్ మీద ముగ్గురు పనిచేస్తుంటే మూడు తాళాలు పడాలి. ఆరు తాళాలు పట్టే హాస్ప్ కొక్కీలు దొరుకుతాయి. ఆఖరి మనిషి ఆఖరి తాళం తీసేదాకా స్విచ్ లేవదు. ఒకడు టీకి పోయినా అతని తాళం అతని బదులు అక్కడే నిలబడి ఉంటుంది. ఆఫీసులో మాస్టర్ కీ పెట్టకండి. వాచ్‌మన్ దగ్గర డూప్లికేటు పెట్టకండి. ఎవరైనా తాళం మరిచిపోయి ఇంటికి పోతే ఫోన్ చేసి, అతను ప్లాంటులో లేడని కళ్ళారా చూసుకుని, అప్పుడు మేనేజరు ముందు కోయించండి. లైన్ ఒక గంట ఆగితే ఆగనీయండి, రెండోసారి ఎవరూ మరిచిపోరు.

కరెంటు తీసినా మెషీన్లో శక్తి మిగిలే ఉంటుంది. జామైన స్క్రూలో, చైనులో మెలి బిగుసుకుని ఉంటుంది, టెంక ఊడిన క్షణంలో అది ఒక్కసారిగా విడుతుంది. ఎలివేటర్ బకెట్లు ఒకవైపు కాయతో నిండి ఉంటే బ్రేకు వదలగానే వెనక్కి తిరుగుతాయి. ఆవిరి లైన్లో వాల్వు మూసినా గొట్టంలో ఒత్తిడి ఉంటుంది. వేగం మార్చే డ్రైవుల్లో కెపాసిటర్లకు కరెంటు తీశాక కూడా కొన్ని నిమిషాలు చార్జి ఉంటుంది, ఎన్ని నిమిషాలో దాని మూత మీదే రాసి ఉంటుంది. ఇవన్నీ హెల్పరుకు ఎవరు చెప్పాలి? ఒడియా, హిందీ మాట్లాడే కుర్రాళ్ళు వస్తున్నారు. 'అపాయం' అన్న బోర్డు వాళ్ళకు గోడ మీద బొమ్మతో సమానం. తాళం చదవడానికి భాష అక్కర్లేదు.

నడుస్తుండగా తప్ప చేయలేని పనులూ ఉన్నాయి, కాదనను. బెల్టు పక్కకు పోతుంటే అలైన్‌మెంట్ ఆపి చేయలేం. బేరింగు శబ్దం తిరుగుతుండగానే వినాలి. వాటికి గార్డు విప్పకుండా బయటి నుంచి తిప్పే టెన్షన్ బోల్టు పెట్టించండి, గ్రీజు నిప్పల్‌కు గొట్టం వేసి గార్డు బయటికి లాగించండి, బెల్టు పొడవునా లాగితే ఆగిపోయే తాడు కట్టించండి. ఇవేవీ పెద్ద ఇంజనీరింగు కాదు, ఓవర్‌హాలింగులో నేనూ ఇంకో వెల్డరూ చేసే పనులు.

ఖర్చు మాట. మంచి తాళం కొన్ని వందల్లో వస్తుంది. ప్లాంటు మొత్తానికి తాళాలు, హాస్పులు, ట్యాగులు కలిపినా 215 కిలోల గుజ్జు డ్రమ్ములు రెండు మూడింటి ధర దాటదు. తాళం పట్టని పాత ఐసోలేటర్లు మార్చడానికి అంతకంటే ఎక్కువే అవుతుంది, అబద్ధం చెప్పను. మరి వేలికి లెక్క ఎంత? 1923 నాటి పరిహార చట్టం షెడ్యూలులో చూపుడు వేలు మొత్తం పోతే సంపాదన శక్తిలో 14 శాతం పోయినట్టు, ఒక చేతికి మూడు వేళ్ళు పోతే 30 శాతం పోయినట్టు రాశారు. రెంచి పట్టుకుని బతికేవాడికి కుడిచేతి మూడు వేళ్ళు పోతే మిగిలిన 70 శాతం ఎక్కడుంటుందో ఆ షెడ్యూలు రాసినవాళ్ళనే అడగాలి.

డబ్బుకంటే గట్టి అడ్డంకి ఇంకోటి ఉంది. తాళాలు తెస్తే మొదట నొచ్చుకునేది మీ ఎలక్ట్రీషియనే. 'ఇన్నేళ్ళు నన్ను నమ్మారు, ఇప్పుడు నా బోర్డుకు తాళమా?' అంటాడు. మొదటి తాళం అతని చేతికే ఇవ్వండి. ఆ రాత్రి స్క్రూ ఐసోలేటర్‌కు తాళం ఉండి ఉంటే అతని వేలు రీసెట్ మీద పడ్డా ఏమీ జరిగేది కాదు, మెమో కూడా వచ్చేది కాదు. రెండో అడ్డంకి మా ఫిట్టర్లమే. 'రెండు నిమిషాల పనికి తాళం ఎందుకు సార్' అనేది మా పాత పాట. వినకండి. నేను చూసినవన్నీ రెండు నిమిషాల పనులే.

ఇంతా చేసినా ఒకవేళ జరిగితే, తెగిన వేలిని నేరుగా ఐసులో పడేయకండి. తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి కట్టి, ఆ కవరును ఐసు మీద పెట్టి పంపండి. ఐసు నేరుగా తగిలితే కండ చచ్చిపోయి, డాక్టర్లు కుట్టాలన్నా పనికిరాదు. ఈ మాట ఫస్ట్ ఎయిడ్ పెట్టె మూత లోపల రాయించి పెట్టండి, తెలుగులోనూ హిందీలోనూ.

నేను కోరేవి మళ్ళీ సూటిగా చెబుతాను. ఈ ఓవర్‌హాలింగు అయ్యేలోపు ప్రతి ఐసోలేటర్‌కూ తాళం పట్టే ఏర్పాటు చేయించండి. తాళం వేసి లైన్ ఆపినవాడిని ఎంతసేపు ఆపినా ఎవరూ నిలదీయరని మీ సంతకంతో నోటీసు పెట్టండి. ఇన్‌ఛార్జి సంతకం చాలదు, రాత్రి రెండు గంటలకు ట్రాక్టర్ల వాళ్ళు గేటు దగ్గర గొడవ చేస్తుంటే ఇన్‌ఛార్జి మాట నిలవదు. బెల్టులు కడగడానికి షిఫ్టు చివర్లో విడిగా సమయం రాసి ఇవ్వండి, ఆ సమయాన్ని ప్రొడక్షన్ లెక్కలో నష్టంగా చూపించొద్దు. కాంట్రాక్టరు తెచ్చిన మనుషులకు కూడా ఇవే తాళాలు, ఇవే మాటలు.

ఏ ఫ్యాక్టరీవాళ్ళు పిలిచినా వస్తాను, కూలీ వద్దు. మొదటి రోజు తాళాల జోలికే పోం. ప్యానెల్ బోర్డు ముందు నిలబడి ఏ స్విచ్ ఏ మోటారుదో ఒక్కొక్కటీ ఆపి చూసి, పేరు రాసుకుందాం. సగం బోర్డుల మీద పాత పేర్లు చెరిగిపోయాయి. 'కన్వేయర్ 2' అని రాసిన స్విచ్ ఆపితే కన్వేయర్ 3 ఆగే ప్లాంటు ఒకటి నాకు తెలుసు, అక్కడ అది మార్చమని గత సీజన్లోనే చెప్పాను. ఈ ఉత్తరం వాళ్ళు కూడా చదువుతారని అనుకుంటున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మెయింటెనెన్స్ ఫిట్టర్,
చిత్తూరు